మీ ప్రశ్న – మా జవాబు: “మా పాపని ఏ దేశం అని అడుగుతున్నారు, ఎవరికి చూపించాలి?”

ప్రశ్న: మేడం గారికి నమస్తే. నేను నేవీలో చేసి రిటైరయ్యాను, మల్కాపురంలో ఉంటున్నాం. నా భార్యది మణిపూర్, అక్కడి మైతేయి తెగ వాళ్లు. ఆవిడ విశాఖలో నర్సుగా చేస్తున్నప్పుడు పరిచయమై పెళ్లి చేసుకున్నాం, ఇరవై ఏళ్లు దాటింది. మా అమ్మాయికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. ముఖం అంతా వాళ్లమ్మ పోలికే. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, మాట్లాడితే అచ్చం మా అమ్మ యాసే. అయినా ఆటో ఎక్కితే ‘ఏ దేశం మీది’, ఆర్కే బీచ్‌కి వెళితే ‘నేపాలీవా’, కాలేజీలో అయితే ‘చింకీ’, ‘మోమో’. కరోనా టైంలో దగ్గితే చాలు, మా వీధి పిల్లలు ‘కరోనా వచ్చింది’ అని అరుచుకుంటూ పరిగెత్తేవాళ్లు. పోనీ సెలవులకి ఇంఫాల్ వెళితే అక్కడి పిల్లలు ‘మయాంగ్’ అంటారు, బయటివాళ్లని అర్థం. 2023లో అక్కడ గొడవలు మొదలయ్యాక ఇక వెళ్లనే లేదు. రెండు నెలలుగా పాప కాలేజీకి వెళ్లనంటోంది. కళ్లకి ఏదో ఆపరేషన్ ఉందట, చేయించు నాన్నా అంటోంది. ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాం. ‘పట్టించుకోకమ్మా, చక్కగా ఉన్నావు, చదువు మీద దృష్టి పెట్టు’ అని అరగంటలో పంపేశారు. రెండోసారి రానంది. అమెరికాలో ఇలాంటి వాటికి ప్రత్యేకంగా థెరపిస్టులు ఉంటారట, మనకెందుకు లేరు అని నన్ను నిలదీస్తోంది. నిజంగా ఉంటారా? విశాఖలో ఎవరైనా ఉన్నారా? నా మటుకు నాకు అది పదహారణాల తెలుగు పిల్ల, ఆ మాటే రోజూ చెప్తున్నాను, వినడం లేదు.
– ఒక తండ్రి, మల్కాపురం

జవాబు: ముందు మీ పాప అడిగినదానికి చెప్తాను, ఎందుకంటే తన కష్టానికి ఒక పేరు ఉంటుందని, దానికి పనిచేసేవాళ్లు ఉంటారని తనంతట తనే వెతుక్కుంది, మన పెద్దవాళ్లలో చాలామంది అంత దూరం వెళ్లరు. ఉంటారు, నిజమే. అమెరికాలో థెరపిస్టుల జాబితా తీస్తే డిప్రెషన్, భార్యాభర్తల గొడవలు లాంటి వాటి పక్కనే ‘జాతి గుర్తింపు’ అని కూడా కనిపిస్తుంది, అంటే ముఖం, రంగు, పుట్టుక బట్టి ‘నేనెవరిని’ అన్న ప్రశ్న. దాని వెనక యాభై ఏళ్లకు పైబడిన చదువు ఉంది. 1971లో విలియం క్రాస్ అనే అమెరికా సైకాలజిస్టు, నల్లజాతి మనిషి తన గుర్తింపు విషయంలో ఏయే దశలు దాటతాడో రాశారు. మొదట్లో ఎదుటివాళ్ల కొలతలతోనే తనను కొలుచుకోవడం, తర్వాత ఏదో ఒక సంఘటన గట్టిగా కుదిపేయడం, ఆ తర్వాత తన వాళ్లలోకి పూర్తిగా మునిగిపోవడం, చివరికి నెమ్మదించి తనలా తాను నిలబడడం, ఇలా సాగుతుంది ఆ వరస. అది అక్కడి నల్లవాళ్ల బతుకు చూసి రాసింది కాబట్టి మీ పాపకి అలాగే అతికించకూడదు. కానీ కళ్లకి ఆపరేషన్ చేయించు అని అడిగినప్పుడు పాప ఎవరి కొలతతో తన కళ్లు చూసుకుంటోందో మీకు అర్థమవడానికి ఈ ముక్క పనికొస్తుంది.

విశాఖలో ఆ పేరుతో బోర్డు పెట్టుకున్న మనిషి కోసం తిరగకండి. మన చదువుల్లో అదొక ప్రత్యేక విభాగంగా లేదు, కాబట్టి బోర్డు కోసం వెతికితే ఆరు నెలలు గడిచిపోతాయి, పాప గదిలోనే ఉండిపోతుంది. మీరు వెతకాల్సింది, ఎదురుగా కూర్చున్న పిల్ల చెప్పింది నమ్మి, ‘ఇది నీ తప్పు కాదు, జరుగుతున్నది నిజం’ అనగలిగిన మనిషిని. అలాంటివాళ్లు ఈ ఊళ్లోనూ ఉంటారు, వేరే ఊళ్లో ఉండి ఫోన్లో మాట్లాడేవాళ్లూ ఉంటారు. ఎలా పోల్చుకోవాలో చెప్తాను.

మీరు వెళ్లిన కౌన్సెలర్ చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. కానీ ‘పట్టించుకోకు’ అన్న మాట మీ పాప పదేళ్లుగా పాటిస్తూనే ఉందండీ. పట్టించుకోకుండా ఉండీ ఉండీ అలిసిపోయి మీ దగ్గరికి వస్తే మళ్లీ అదే మందు రాసిస్తే ఎలా? పైగా ఆ మాటలో ఇంకో అర్థం దాక్కుని ఉంది, అన్నవాళ్లది తప్పు కాదు, పట్టించుకున్న నీదే తప్పు అని. పదహారేళ్ల పిల్ల ఆ అర్థాన్నే ముందు పట్టుకుంటుంది, రెండోసారి రానన్నది అందుకే. దాన్ని మొండితనం అనుకోకండి.

ఇప్పుడు ఎవరెవరు ఎవరో కాస్త చెప్పాలి, మన దగ్గర అందరినీ కలిపి ‘సైకాలజీ డాక్టర్’ అనేస్తాం. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పైచదువు చదివిన డాక్టరు, మందులు రాసేది ఈయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతోనే వైద్యం చేస్తారు. వాళ్లకి ఢిల్లీలోని రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అంటే అందరూ ఆర్‌సీఐ అనే దాంట్లో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. అడగడానికి మొహమాటపడకండి, ఇంటికి కరెంటు పని చేసేవాణ్ణే నలుగురిని అడిగి పెట్టుకుంటాం. ఇక కౌన్సెలర్ అన్న మాట ఎవరైనా రాసుకోవచ్చు. ఎమ్మే సైకాలజీ చేసి ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్న మంచి కౌన్సెలర్లు ఉన్నారు, వారం రోజుల సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్నవాళ్లూ ఉన్నారు. ఏం చదివారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, టీనేజీ పిల్లలతో ఎన్నేళ్ల నుంచి పనిచేస్తున్నారు అని అడిగితే తేడా తెలిసిపోతుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండు నెలలు కాలేజీ మానేయడం చిన్న సంగతి కాదు. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, స్నేహితులతో ఫోన్లోనైనా మాట్లాడుతోందా, ఒంటి మీద ఎక్కడైనా గాయాలు చేసుకుంటోందా, ఇవి చూడండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన వస్తుందేమో అని చాలామంది భయపడతారు, అలా ఏమీ రాదు, అడిగేవాళ్లు ఉన్నారన్న ధైర్యం వస్తుంది. ఏ మాత్రం అవునన్నా వెంటనే సైకియాట్రిస్టుకి చూపించాలి, మిగతా వెతుకులాట తర్వాత. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాని పేరు చెప్పగానే మనూళ్లో ఎలాంటి మాటలు వస్తాయో నాకు తెలుసు, ఆ మాటలకి భయపడి మంచి వైద్యం వదులుకోకండి. అర్ధరాత్రి ఏదైనా అయితే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, పైసా ఖర్చు లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

అంత ప్రమాదం లేదనుకుంటే థెరపిస్టు కోసం, అంటే మాటలతో వైద్యం చేసే మనిషి కోసం, నిదానంగా వెతకండి. ఫోన్ చేసినప్పుడు ‘జాతి గుర్తింపు సమస్య’ అనకండి. ఈ మాట ఎందుకంటున్నానంటే, మన తెలుగులో జాతి అంటే దేశం కావచ్చు, కులం కావచ్చు, గుర్తింపు అంటే కార్డు గుర్తొస్తుంది, అవతల ఫోన్ ఎత్తిన అమ్మాయి కుల సర్టిఫికెట్ గొడవ అనుకున్నా ఆశ్చర్యం లేదు. ఉన్నదున్నట్టు చెప్పండి: “మా పాప తల్లి మణిపూర్ ఆవిడ, ముఖం చూసి అందరూ బయటి మనిషి అంటున్నారు, కాలేజీకి వెళ్లడం మానేసింది, ఇలాంటి పిల్లలతో ఇంతకుముందు పనిచేశారా?” అంతే. తర్వాత వాళ్లు ఏమంటారో జాగ్రత్తగా వినండి. ‘మన దగ్గర అలాంటివి ఎక్కడండీ, మనమంతా భారతీయులమే’ అంటే నమస్కారం పెట్టి ఫోన్ పెట్టేయండి. ‘నేను డీల్ చేస్తాను, తీసుకురండి’ అని ఠకీమని అన్నా నాకు అనుమానమే. ‘సరిగ్గా ఇలాంటి కేసు నేను చూడలేదు, కానీ ఇంటా బయటా వేరుగా చూడబడ్డ పిల్లలతో చేశాను, పాప ఒప్పుకుంటే మొదలుపెడదాం, నాకు తెలియనిది తెలుసుకుంటాను’ అని ఎవరైనా అన్నారనుకోండి, వాళ్ల దగ్గరికి వెళ్లండి. తెలియదని ఒప్పుకున్న మనిషి వినడానికి సిద్ధంగా ఉంటారు, మీ పాపకి ఇప్పుడు అదే కావాలి. ఫీజెంత, ఎంతసేపు, వారానికి ఎన్నిసార్లు, ఇవి కూడా ఆ ఫోన్లోనే అడిగేయండి.

ఇద్దరు ముగ్గురిని మీరు ఏరండి, వాళ్లలో ఎవరన్నది మాత్రం పాపకి వదిలేయండి. ఏ భాషలో మాట్లాడాలన్నది కూడా తన ఇష్టమే. మీతో తెలుగు, వాళ్ల ఇమాతో, అంటే అమ్మతో, మైతేయి, ఫ్రెండ్స్‌తో ఇంగ్లిషు మాట్లాడుతూ ఉండి ఉంటుంది, మరి ఏడుపొచ్చినప్పుడు ఏ భాషలో ఏడుస్తుందో మీకు తెలుసా? నాకైతే ఆ భాష వచ్చిన థెరపిస్టు దొరికితే బావుండుననిపిస్తుంది. గువాహటిలోనో బెంగళూరులోనో ఉన్న ఈశాన్య రాష్ట్రాల థెరపిస్టు వీడియో కాల్‌లో దొరకవచ్చు, ఇంటినుంచే మాట్లాడవచ్చు. వాళ్ల దగ్గర ‘మోమో అని పిలిచారు’ అంటే చాలు, దాని కింద ఎంత ఉందో విడమరిచి చెప్పుకోనక్కర్లేదు. కాకపోతే ఒక మెలిక ఉంది. మణిపూర్లో 2023 మే నుంచి మైతేయిలకీ కుకీలకీ మధ్య జరిగిన దాంట్లో ఎన్నో ఇళ్లు కాలిపోయాయి, ఎంతోమంది చనిపోయారు. మణిపూర్ వైపు థెరపిస్టు దొరికితే ఆ సంగతి ముందే మాట్లాడుకోవడం మంచిది. ఆ గొడవలు మీ ఆవిడ పుట్టింటి మీద, మీ ఆవిడ మీద ఎలా పడ్డాయో మీరు రాయలేదు, పాప మీద అది తప్పకుండా పడి ఉంటుంది. అమ్మమ్మ ఇంటికి వెళ్లలేని పిల్లకి ‘మయాంగ్’ అన్న పిలుపు కూడా దూరమైపోయిందంటే ఎంత బాధో చూడండి, వాళ్లు ఏడిపించినా అదొక చుట్టరికమే కదా.

వీడియో కాల్ అయితే ఒక గంట గది తనకి పూర్తిగా వదిలేయండి. తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చోకండి, మీరూ మీ ఆవిడా అలా సాయంత్రం ఎటైనా నడిచి రండి. ఏం మాట్లాడావు అని వెంటనే అడగకండి. పాపకి పద్దెనిమిది నిండలేదు కాబట్టి వైద్యానికి మీ అనుమతి కావాలి, నిజమే, కానీ పాప చెప్పుకున్న ప్రతి మాటా మీకు చేరాలని కాదు. ప్రాణానికి ప్రమాదం ఉంటే తప్ప మిగతావి తమ మధ్యే ఉంటాయని థెరపిస్టు మొదటిరోజే మీ ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత ఒక హక్కుగా ఉంది. నాలుగైదు సార్లు కూర్చున్నాక పాపనే అడగండి, థెరపిస్టుతో మాట్లాడి వచ్చాక తేలిగ్గా ఉంటోందా, బరువుగా ఉంటోందా అని. బరువుగా ఉన్నా పర్లేదు, కొన్ని రోజులు అలాగే ఉంటుంది. ‘నన్ను వినడం లేదు నాన్నా’ అంటే మాత్రం మార్చేయండి, థెరపిస్టుని మార్చడం తప్పేమీ కాదు.

ఆపరేషన్ సంగతి. డబ్బులిస్తాననీ ఇవ్వననీ ఇప్పుడు చెప్పకండి, పిచ్చి వేషాలు అని అస్సలు అనకండి. ఎప్పటినుంచి అనిపిస్తోంది, మొదటిసారి ఎవరు ఏమన్నప్పుడు అనిపించింది అని అడగండి, అడిగి ఊరుకోండి, మధ్యలో మాట అందించకండి. అవే కళ్లు మీ ఆవిడకీ ఉన్నాయి. పాప ఆ మాట అన్నప్పుడు పక్కగదిలో ఉన్న ఆవిడకి ఎలా ఉండి ఉంటుంది? ఆవిడని కూడా ఒకసారి అడగండి. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఆవిడ కూడా ఇదే ప్రశ్న వింటూ ఉండి ఉంటారు, మీకు చెప్పకుండా మింగేసినవి ఎన్ని ఉన్నాయో.

ఇక్కడ మీతో ఒక మాట గట్టిగా అనాలి, ఏమీ అనుకోకండి. ‘పదహారణాల తెలుగు పిల్ల’ అని మీరు రోజూ ప్రేమగానే అంటున్నారు. కానీ పదహారణాలూ తెలుగే అయితే వాళ్లమ్మ వాటా ఏదీ? బయటవాళ్లు తెలుగు కాదంటున్నారు, మీరు తెలుగు తప్ప ఇంకేం కాదంటున్నారు, మధ్యలో ఆ పిల్ల నిలబడడానికి చోటు ఎక్కడుంది? మరియా రూట్ అని అమెరికాలో మిశ్రమ కుటుంబాల పిల్లల మీద పనిచేసిన సైకాలజిస్టు ఉన్నారు, ఆవిడ 1990లలో అలాంటి పిల్లల హక్కులంటూ కొన్ని రాశారు. ఒక్కోచోట ఒక్కోలా చెప్పుకునే హక్కు ఉంది, తోబుట్టువులు చెప్పుకున్నట్టే చెప్పుకోనక్కర్లేదు, ఉన్నందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు అన్న ధోరణిలో ఉంటాయవి. మీ పాప ఇవాళ తెలుగు అనుకోవచ్చు, రేపు మైతేయి అనుకోవచ్చు, ఎల్లుండి రెండూ అనుకోవచ్చు. మీరు తేల్చేయకండి. మణిపూర్ వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చాను 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చినప్పుడు మీ చుట్టాలు ‘చూశావా, మీ వాళ్లే’ అని పాపతో అని ఉంటారు, మెచ్చుకోలుగానే. దాంట్లో కూడా ‘మీ వాళ్లు’ అన్న మాట ఉంది చూడండి.

మన ఊరికి ఇది కొత్త కూడా కాదు. మన తాతల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఎంతమంది ‘రంగం’ వెళ్లలేదు? రంగూన్‌కి ఓడెక్కి వెళ్లి, అక్కడే కాపురాలు పెట్టి, 1960లలో అక్కడి ప్రభుత్వం బతకనివ్వక తిరిగొచ్చినవాళ్లు మన కంచరపాలెం వైపు బర్మా క్యాంపులో దిగారు. వాళ్లలో బర్మా తల్లులకి పుట్టిన పిల్లలూ ఉన్నారు. వాళ్లని అప్పట్లో ఏమని పిలిచారో ఆ వీధుల్లో ముసలివాళ్లని అడిగితే చెప్తారు. పాప ఇష్టపడితే ఒకరోజు బండి మీద అటు తీసుకెళ్లి, అక్కడి బర్మా తిండి తినిపించి రండి. పాఠం చెప్పడానికి వద్దు, ఊరికే. ఇంట్లో కూడా మీ ఆవిడ పులియబెట్టిన చేపతో ఎరోంబా అనే వాళ్ల వంటకం చేసుకున్నప్పుడు వాసనని కిటికీలు మూసే అలవాటుంటే మానేయండి. ఎండుచేపలు తినే విశాఖ మనుషులం, ఆ వాసనకి మనం ముక్కు మూసుకోవడం ఏం బాగుంటుంది?

చివరిగా కాలేజీ. థెరపీ ఎంత మంచిదైనా క్లాసులో వెనకబెంచీ కుర్రాళ్ల నోరు మూయించలేదు, ఆ పని పెద్దలది. 2014 జనవరిలో ఢిల్లీలో నిడో తానియా అనే అరుణాచల్ ప్రదేశ్ కుర్రాణ్ణి జుట్టు చూసి, ముఖం చూసి ఎగతాళి చేసి, ఎదురు తిరిగినందుకు కొట్టారు, ఆ కుర్రాడు చనిపోయాడు. ఆ తర్వాతే కేంద్రం బెజ్‌బరువా కమిటీని వేసింది, ఈశాన్య ప్రజల మీద ఇలాంటి మాటలూ చేతలూ నేరంగా చూడాలని ఆ కమిటీ చెప్పింది. కాబట్టి ‘సరదాకి అన్నార్లెండి’ అని ప్రిన్సిపాల్ అంటే ఒప్పుకోకండి. ఎవరు ఏమన్నారో, ఏ రోజో కాగితం మీద రాసి ఇవ్వండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వబోయే ముందు పాపని అడగండి. తనకి ఇష్టం లేకపోతే ఆగండి, కాలేజీ మార్చడమే మేలంటే దాన్ని ఓటమి అనుకోకుండా మార్చండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో పుట్టి పెరిగాను, ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు. అమ్మమ్మని చూసుకోవడానికి ఏడాదిపాటు ఉందామని సీతమ్మధార వచ్చాను. అక్కడ నన్ను ‘బ్రౌన్’ అంటారు, ఇక్కడ రైతుబజారులో నోరు తెరిస్తే ‘అమెరికా అమ్మాయి’ అని రేటు పెంచేస్తారు. అక్కడ మూడేళ్లుగా ఒక థెరపిస్టుతో ఇవే మాట్లాడుతున్నాను. ఆమెతోనే వీడియోలో కొనసాగించొచ్చా? తెలుగు రాయడం రాదు, ఇది మా పిన్ని రాసిపెట్టింది.

జవాబు: ముందు ఆవిడనే అడుగమ్మా, ఇక్కడికి వచ్చినట్టు చెప్పకుండా మాత్రం కొనసాగించకు. అమెరికాలో థెరపిస్టు లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే, వైద్యం తీసుకునే మనిషి ఎక్కడ కూర్చుని ఉందన్నది లెక్క. నువ్వు వేరే దేశంలో కూర్చుంటే చాలామంది కుదరదనే చెప్తారు, ఇన్సూరెన్సు కూడా ఇవ్వకపోవచ్చు. ఆవిడ కుదరదంటే నీ మీద కోపం కాదు, నిబంధన. అప్పుడు చివరగా ఒకసారి కూర్చుని, మూడేళ్లలో మీరు చేసిన పని మీద ఒక చిన్న ఉత్తరం రాసిమ్మని అడుగు, ఇక్కడ కొత్తగా ఎవరి దగ్గరికి వెళ్లినా మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే బాధ తప్పుతుంది. ఒకవేళ ఆవిడకి కుదిరితే టైం చూసుకో, మనకీ న్యూజెర్సీకీ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. అర్ధరాత్రి ఏడ్చి పడుకోవడం మంచిది కాదు.

ఇక్కడి థెరపిస్టుని వెతుక్కోమనే నేనంటాను. ఎందుకంటే ఇక్కడ నీకు ఎదురయ్యే ప్రశ్న వేరు. అక్కడ రంగు అడుగుతారు, ఇక్కడ పక్కింటావిడ ‘మీరేమిట్లు?’ అని కులం అడుగుతుంది, బహుశా ఇప్పటికే అడిగి ఉంటుంది. నువ్వేమో అక్కడ తక్కువ చేయబడ్డ పిల్లవి, ఇక్కడ డాలర్ల పిల్లవి, నీ కులాన్ని బట్టి ఇంకా ఎక్కువో తక్కువో కావచ్చు. అది న్యూజెర్సీ గదిలో కూర్చున్న మనిషికి వివరించడానికే నీ గంట సరిపోతుంది. అమ్మమ్మతో కూడా మాట్లాడు, నీ తెలుగుకి ఆవిడ నవ్వితే నవ్వనీ.

ప్రశ్న: నేను సైకాలజీలో పీజీ చేసి మద్దిలపాలెంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఈమధ్య నా దగ్గరికి ఒక ఆఫ్రికన్ విద్యార్థి వస్తున్నాడు, ఇక్కడే చదువుకుంటున్నాడు. అద్దెకి ఇల్లు ఇవ్వడం లేదని, బస్సులో పక్కన కూర్చోవడం లేదని చెప్తాడు. నాకు జాతి విషయాల్లో శిక్షణ లేదు. తెలుసుకోవాలని వాళ్ల దేశం గురించి అడిగి అడిగి రెండు సెషన్లు అయిపోయాయి. వదిలేసి వేరేవాళ్ల దగ్గరికి పంపాలా?

జవాబు: పంపకండి, కనీసం ఇప్పుడే పంపకండి. ఈ ఊళ్లో అతను ఇప్పటికే చాలా తలుపుల దగ్గర ఆగిపోయాడు, మీ తలుపు కూడా మూసుకుంటే ‘ఇక్కడా ఇంతే’ అనుకుంటాడు. మీ ప్రశ్న చదివి నాకు సంతోషమేసింది, ఇలా అడిగే కౌన్సెలర్ ఉన్నందుకు.

కానీ ఆ రెండు సెషన్లు ఎవరివో ఆలోచించండి. అతని గంటలో మీరు పాఠం నేర్చుకున్నారు. అతని దేశం పేరు, చరిత్ర, భాషలు మీరు ఇంటికెళ్లి చదువుకోవచ్చు. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి, నైజీరియా వేరు, ఇథియోపియా వేరు, టాంజానియా వేరు. అతని నుంచి మాత్రమే తెలిసేవి కొన్ని ఉంటాయి, అవి అడగండి. వాళ్ల ఊళ్లో ఉన్నన్నాళ్లూ తను ఫలానా ఇంటి అబ్బాయి, ఫలానా భాషవాడు, ఫలానా స్కూల్లో ఫస్టు వచ్చినవాడు. ‘నల్లవాడు’ అన్న పేరు విమానం దిగాక మొదలై ఉంటుంది. అది ఏ రోజు, ఎవరి నోటి నుంచి, అప్పుడు ఒంట్లో ఏమైంది? అతను ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇవి చెప్తాడా, దాచి అంతా బావుందంటాడా?

అతను చెప్పింది జరిగిందా లేదా అని మీ మనసులో తూకం వేయకండి. ‘ఇంటి ఓనర్‌కి వేరే కారణం ఉందేమో’ అని మీ నోటికి వచ్చేస్తుంది, ఆపుకోండి. రోజూ జరిగే ఈ చిన్న చిన్న అవమానాల గురించి 1970లోనే చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి సైకియాట్రిస్టు రాశారు, 2007లో డెరాల్డ్ వింగ్ సూ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు థెరపీ గదిలో అవి ఎలా దూరతాయో వివరించారు, అవి సంపాదించి చదవండి. ‘నువ్వు చాలా బాగా మాట్లాడుతున్నావే’ అన్న మెచ్చుకోలు కూడా ఆ కోవలోకే వస్తుందని చదివినప్పుడు నాకు నా మాటలే కొన్ని గుర్తొచ్చి రాత్రి నిద్ర పట్టలేదు. పెళ్లి ప్రకటనల్లో రంగు రాసుకునే సమాజం మనది, పుట్టిన బిడ్డని చూడ్డానికి వెళ్లి ముందు రంగు చెప్పుకునేవాళ్లం. అది మీలో ఎంతుందో, నాలో ఎంతుందో అతని ఎదుట కాదు, మీ సీనియర్ ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని తేల్చుకోవాలి. వాల్తేరులోనో, మానసిక వైద్యానికి పేరున్న బెంగళూరు నిమ్హాన్స్‌లోనో చదివిన మీ తోటివాళ్లు ఉంటారు, పదిహేను రోజులకోసారి ఈ కేసు గురించి పేరు చెప్పకుండా మాట్లాడే ఏర్పాటు చేసుకోండి.

ఇంకొకటి, ఇల్లు. అతనికి పడుకోవడానికి చోటు లేనప్పుడు భావాల గురించి ఎంతసేపు మాట్లాడతాం? విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసు అతని చదువు చోట ఉంటే, అతను సరేనంటే, ఒక ఉత్తరం రాయండి. అది మీ పని కాదని ఎవరైనా అంటే అననివ్వండి.

వచ్చే వారం అతను వచ్చి కూర్చోగానే ఇలా మొదలుపెట్టండి: “పోయిన రెండుసార్లూ నేను మీ దేశం గురించే అడిగాను, అది నా కోసం అడిగింది, మీ కోసం కాదు, నన్ను మన్నించండి. ఈ రోజు మీరు ఏం చెప్పాలనుకుని వచ్చారు?” తర్వాత అతను ఎంతసేపు మౌనంగా ఉన్నా మీరు మాట్లాడకండి.